చేతిపంపు సంస్కరణము: పడవ యడుగు మొదలు మిరపచేను దాక

చేతిపంపును బాగుచేయుట యనగానే, అదే శ్రమకు మునుపటి కంటె ఎక్కువ నీరు పోయునట్లు చేయుట యని సాధారణముగా తలచెదరు. పంపులు అమ్మువారు కూడ నిమిషమునకు ఇన్ని లీటర్లని పెట్టెపై అచ్చువేసి, ఆ సంఖ్యనే పంపు గుణమునకు కొలతగా చూపెదరు. గుంటూరు, ప్రకాశము సీమల పత్తిచేలలోను మిరపతోటలలోను వీపున పంపు తగిలించుకొని మందు కొట్టువారిని, పల్లెలలో బోరింగు కొట్టి బిందెలు నింపుకొను స్త్రీలను, వాడరేవు, కొత్తపట్నము, నిజాంపట్నము తీరములలో పడవ యడుగున చేరిన నీటిని తోడిపోయు మత్స్యకారులను, దూరదేశములందు కయాకు అను సన్నని పడవలలో ఒంటరిగా సముద్రయానము చేయువారిని ఒక్కచో చేర్చి ఈ ప్రశ్నను పరిశీలించినచో, ఆ కొలత చాలవరకు దారి తప్పించునదని తేలును. బలము చాలక పంపు విఫలమగు చోటు వేరు, మనుష్యునకు చేయి ఖాళీ లేక విఫలమగు చోటు వేరు, ఒక చిన్న వాషరు అరిగి విఫలమగు చోటు వేరు. ఈ మూడింటిని విడదీసి చూడనిదే సంస్కరణము ఎచ్చట ఆరంభింపవలెనో తెలియదు.

ముందుగా లెక్క చూతము. కయాకులో కూర్చుండినవాడు నిమిషమునకు 30 లీటర్ల నీటిని అర మీటరు ఎత్తునకు లేపి పారబోసినచో, ఆ నీటిపై జరిగిన పని రెండున్నర వాట్లకు మించదు. మిరపచేనిలో వీపుపంపు నిమిషమునకు 700 మిల్లీలీటర్ల మందునీటిని 3 బార్ల పీడనముతో నాజిల్ గుండ వెడలించునప్పుడు జరుగు పని మూడున్నర వాట్లు. 3 బార్ల పీడనమనగా 30 మీటర్ల లోతు బావినుండి నీటిని లేపుటకు కావలసిన పీడనమే; కాని ఆ లోతునుండియే నిమిషమునకు 12 లీటర్లు తోడవలసిన బోరింగునకు దాదాపు 60 వాట్లు కావలెను. ఆరోగ్యవంతుడైన మనుష్యుడు గంటల తరబడి చేయగల పని 75 వాట్లకు అటునిటుగా నుండును, చేతులతో మాత్రమే అయినచో ఇంకను తక్కువ. కావున ఈ మూడింటిలో బోరింగు ఒక్కటియే నిజముగా కండబలమును పరీక్షించు పంపు. తక్కిన రెండును, కాగితముపై చూచినచో, బాలునకైనను సాధ్యమైన పనినే అడుగుచున్నవి. అయినను ఆ రెండింటిని నడుపువారు సాయంకాలమునకు భుజములు పట్టుకొని కూలబడుచున్నారనగా, వారి శక్తి నీటిపై గాక మరెచ్చటనో వ్యయమగుచున్నదని అర్థము.

ఎచ్చట వ్యయమగుచున్నదో కయాకు పంపులో స్పష్టముగా కనిపించును. ఆ పడవలో మనుష్యుడు కూర్చుండు గుంటకు ముందు వెనుకల అడ్డుగోడలు కట్టి, నడుముచుట్టు నీరు చొరని వస్త్రమును బిగించుకొనును. పడవ తలక్రిందులై, ఆతడు బయటపడి మరల ఎక్కినప్పుడు ఆ గుంటనిండ నీరుండును. దానిని తోడుటకు సామాన్యముగా వాడునది మూరెడు పొడవుగల గొట్టపు పంపు. నీట పడినను మునుగకుండ దానికి నురుగుపట్టీ తొడిగి యుందురు. యాభై మిల్లీమీటర్ల వ్యాసముగల ఆ గొట్టములో పిస్టనుపై పడు నీటిబరువు ఒక కిలోకు సమీపమే. వాషరు గొట్టమును రాచుకొను ఘర్షణ పలుమారు అంతకు మించి యుండును. అయినను కష్టము ఘర్షణలో కూడ లేదు. గొట్టమును ఒక చేత పట్టుకొని రెండవ చేత పిడిని లాగవలెను. పడవను నిలువబెట్టు తెడ్డునకు కూడ రెండు చేతులు కావలెను. పడవను తలక్రిందులు చేసిన అలలు నీరు తోడునంత సేపు ఆగి యుండవు కదా! నడుమునకు బిగించిన వస్త్రమును విప్పనిదే గొట్టము లోపలికి పోదు, విప్పినచో తోడిన నీరే మరల వచ్చి చేరును.

ఈ చిక్కును విప్పుటకు జరిగిన ప్రయత్నములన్నియు చేతిని విడిపించుటకు జరిగినవే. పడవ పైకప్పున రబ్బరుపొరతో పనిచేయు పంపును బిగించి మీటతో ఆడించు పద్ధతి ఒకటి వచ్చెను. దాని వలన రెండు చేతులకు బదులు ఒక చేయి చాలెను, వస్త్రము విప్పవలసిన అవసరము తప్పెను, కాని మీట వీపువెనుక నున్న పడవలలో నడుము త్రిప్పి ఆడింపవలసి వచ్చి, పడవ యొరిగెడి ప్రమాదము మిగిలెను. ముందరి అడ్డుగోడకు బిగించి పాదములతో నొక్కు పంపు మరియొకటి. అది నెమ్మదిగా తోడును, కాని రెండు చేతులును తెడ్డునకే మిగులును. నిమిషమునకు లీటర్ల లెక్కలో చూచినచో ఈ పాదపంపు గొట్టపుపంపు కంటె హీనము. తుపాను అలలలో చిక్కినవానికి ఏది మేలో వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత చిన్న బ్యాటరీతో నడుచు విద్యుత్పంపు వచ్చినది. ఉప్పునీరు తీగలను తినివేయును గనుక, దానిని అమర్చుకొనినవారు కూడ చేతిపంపును విడువరు. వీటన్నింటి కంటె ముందు గుర్తింపదగినది ఆ అడ్డుగోడలే: అవి పడవలో చొరబడు నీటినే తగ్గించినవి. పక్కపడవవాడు బోర్లపడిన పడవ ముక్కును తన పడవపైకి లాగి నీటిని ముందే ఒలుకబోయు పద్ధతి కూడ అట్టిదే.

మన తీరమునకు ఈ సంగతులు వింతలు కావు. పూర్వపు తెప్పలో దుంగల సందులనుండి వచ్చిన నీరు ఆ సందులనుండియే పోవును గనుక తోడవలసిన పనియే లేదు. ఫైబరు పడవలు, ఇంజనులు వచ్చిన పిమ్మట వేగము, మోయగల బరువు పెరిగినవి. వానితోపాటు పడవ యడుగున నీరు నిలుచుట కూడ వచ్చినది. ప్లాస్టిక్ డబ్బాను వాలుగా కోసి తోడుటయే నేటికిని సామాన్యమైన ఉపాయము. దానిలో అరుగు వాషరు లేదు, ఇసుక పడి నిలిచిపోవు వాల్వు లేదు. నలుగురైదుగురు గల పడవలో ఒకడు తోడుచుండగా తక్కినవారు వల చూచుకొందురు. ఒంటరియైన కయాకు మనిషికి లేని సౌకర్యము ఇదియే. మన తీరమునకు మేలైన పంపు ఒకటి కావలెనన్నచో, అది ఇసుకను, చేపపొలుసును మ్రింగి కూడ ఆగకుండ నడుచు రబ్బరుపొర పంపు కావలెను గాని, సన్నని పిస్టను పంపు పనికిరాదు.

బోరింగు కథ వేరు. పశ్చిమ ప్రకాశమున కనిగిరి, పొదిలి ప్రాంతములలో భూగర్భజలము ఫ్లోరైడుతో కూడియుండి, ఎముకలను వంచి తరములను పీడించినది. ఆ నీటిని లేపిన పంపు ఎంత మంచిదైనను ఆ దోషమును మాన్పజాలదు. అయినను పంపు సంస్కరణమునకు బోరింగు నేర్పిన పాఠము గొప్పది. 1970ల దశకమున యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్ 2 పంపు, ఏ ఒక్క కంపెనీ సొత్తు గాక, భారత ప్రమాణముగా ప్రకటింపబడి, అనేకులు తయారుచేయుటకు వీలు కలిగించెను. ఒకరు చేసిన భాగము మరియొకరి పంపులో ఇమిడెను. కోయంబత్తూరు ప్రాంతమున 1980లలో జరిగిన క్షేత్రపరీక్షలలో తోలు వాషర్లకు బదులు నైట్రైల్ రబ్బరు వాషర్లు పెట్టి చూడగా అవి మిక్కిలి ఎక్కువ కాలము మన్నెను. క్రింది గొట్టములను పైకి తీయకయే పిస్టనును బయటకు లాగగల మార్క్ 3 రూపము కూడ ఆ పరీక్షలనుండియే వచ్చెను. నీటి పరిమాణమును పెంచుటకు గాక, పంపు చెడిపోయి నిలిచియుండు దినములను తగ్గించుటకు ఇంజనీర్లు అంత శ్రమపడిరి. ఈ దేశమున చేతిపంపునకు జరిగిన సంస్కరణములలో ఇంతకంటె ఉదాత్తమైనది నాకు కనిపించదు.

ఇక ఈ నల్లరేగడి సీమకు ముఖ్యమైన పంపు, రైతు వీపున మోయు మందుపంపు. దీని వంశమూలము ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలలో నున్నది. 1885లో మియార్దే అను శాస్త్రజ్ఞుడు మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమమును ప్రకటించిన పిమ్మట, దానిని చల్లుటకు విక్టర్ వెర్మొరెల్ మొదలైనవారు వీపున మోయు పంపులను తయారుచేసిరి. నడుము ప్రక్కన మీట, లోపల పిస్టనో రబ్బరుపొరయో, పీడనమును నిలువజేయు గాలిగది, చేతిలో గొట్టము, దాని కొనను నాజిల్ — నాటి రూపమునకును నేటి దుకాణములలోని రూపమునకును భేదము స్వల్పము. రాగి పోయి ప్లాస్టిక్కు వచ్చినది, బరువు తగ్గినది. మనుష్యుని నిలుకడ మాత్రము మారలేదు.

ఆ నిలుకడను తూచి చూడుడు. పదునారు లీటర్ల ట్యాంకు నిండినప్పుడు పంపుతో కలసి ఇరువది కిలోలు. ఎకరమునకు 200 లీటర్లు కొట్టవలెనన్నచో పండ్రెండు పదుమూడు ట్యాంకులు. ప్రతి ట్యాంకునకు నీరు గట్టుదాక మోసి తెచ్చు కూలి స్త్రీల శ్రమ వేరు. మూడడుగుల సాళ్లలో ప్రతి సాలు నడచినచో ఎకరమునకు నాలుగున్నర కిలోమీటర్ల నడక, అదియు వానకు తడిసి కాలిని పట్టి లాగు రేగడిలో. నిమిషమునకు ఇరువది మారులు మీట ఆడించినచో, ఒక నాజిల్‌తో ఆ ఎకరము ముగియునప్పటికి ఐదారువేల మారులు ఎడమచేయి లేచి దిగును. నలువది మిల్లీమీటర్ల పిస్టనుపై 3 బార్ల పీడనమునకు పడు బలము 38 కిలోలు; మీట దానిని ఏడెనిమిది కిలోలకు దించును, కాని మారులను దించదు. ఎడమచేయి మీటకు, కుడిచేయి నాజిల్ గొట్టమునకు అంకితమైపోగా, ముఖముపై పడిన తుంపరను తుడుచుకొనుటకు చేయి మిగులదు. కయాకువానికి తెడ్డునకును పంపునకును నడుమ వచ్చిన చిక్కు ఇచ్చట మరియొక రూపమున నున్నది. భేదమేమనగా, అతని పంపులోనిది ఉప్పునీరు, ఇతని పంపులోనిది విషము.

ఈ విషయముననే పంపుల దుకాణములును ప్రకటనలును మౌనము వహించుచున్నవి. మూత సరిగ బిగియక నడకతో ఒలికిన మందు వీపున కారును. వాషరు అరిగినచో మీట ప్రక్కనుండి నడుమునకు దిగును. చేతిపిడిలోని వాల్వు సడలినచో మణికట్టు వెంబడి జారును. ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులు పీల్చుట వలననే గాక చర్మము గుండ కూడ దేహమున ప్రవేశించును, చెమటతో నానిన చర్మము గుండ ఇంకను సులభముగా. తొడుగులు, ముసుగులు వేసికొనుమని డబ్బాలపై వ్రాయుట సులువు. భాద్రపదపు ఎండలో రబ్బరు తొడుగు వేసికొని నాలుగున్నర కిలోమీటర్లు నడువుమని కూలివానికి చెప్పువారు, కారని మూతను తయారుచేయుమని కంపెనీకి ముందు చెప్పవలసి యున్నది. పంపు కారకుండుట మొదటి గుణము. తక్కినవన్నియు దాని తరువాతివే.

రెండవ దోషము నడకలో నున్నది. గొట్టమును ముందుకు చాచి కొట్టుచు నడచువాడు, తాను తడిపిన ఆకుల మధ్యనుండియే నడచిపోవును. నడుమెత్తు పెరిగిన పత్తిలో మోకాళ్లు, తొడలు మందుతో నానును. దీనికి ప్రతిక్రియ అరువదేండ్లకు పూర్వమే కనుగొనబడినది. 1960ల ఆరంభమున మధ్య ఆఫ్రికా పత్తిచేలలో టన్‌స్టాల్, మాథ్యూస్ మొదలగు పరిశోధకులు వీపుపంపునకు వెనుకవైపున నిలువు కడ్డీ నొకదానిని అమర్చి, మొక్క ఎత్తును బట్టి దానికి పలు నాజిళ్లను బిగించి, మందు మనిషి వెనుకనే పడునట్లు చేసిరి. మనిషి పొడిచేనిలోనికి నడచును, తడిసిన చేను వెనుక మిగులును. పక్కకును పైకిని త్రిప్పిన నాజిళ్ల వలన ఆకు అడుగుభాగము తడియును. అన్నింటికంటె మించి, ఒక చేయి ఖాళీ యగును. పత్తికొరకే పుట్టిన ఇంత చవుకైన ఉపాయము, పత్తికి పేరెన్నికగన్న ఈ సీమలో వేళ్లూనకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

ఆకు అడుగుభాగమను మాటకు మిరపరైతు వెంటనే చెవియొగ్గును. తామరపురుగుల వలన ఆకు పైకి ముడుచుకొను పైముడత, నల్లి వలన క్రిందికి ముడుచుకొను క్రిందిముడత, తెల్లదోమ — ఇవన్నియు ఆకు చాటున దాగునవే. 2021–22 కాలమున కొత్తగా వచ్చిన నల్ల తామరపురుగు పూలలోనే కాపురముండి గుంటూరు, పల్నాడు, ప్రకాశము తోటలను పాడుచేసినప్పుడు, రైతులు దినము విడిచి దినము మందు కొట్టినను ఫలితము కనిపింపలేదు. పైనుండి కురిపించిన మందు ఆకుపై మెరసి నేలకు జారిపోవును. కొక్కెమువలె వంగిన మెడపై నాజిల్‌ను బిగించి, క్రిందినుండి పైకి కొట్టినగాని అది పురుగునకు తగులదు. వంపుమెడ నాజిల్‌కు ఖర్చగునది ఒక పూట కూలి కంటె తక్కువ.

నాజిల్ రంధ్రము అరుగుట కంటికి కనబడదు. ఇత్తడి రంధ్రము పొడిమందుల రాపిడికి విస్తరించును. కొత్త నాజిల్ కంటె పదవ వంతు ఎక్కువ పారినచో మార్చవలెనని నియమము. కొలపాత్రను క్రింద పట్టి ఒక నిమిషము చూచినచో తెలిసిపోవు ఈ సంగతిని పరీక్షించువారు అరుదు. పూడిన నాజిల్‌ను నోటితో ఊదుట ప్రాణాంతకమైన అలవాటు. ఒక పాత పళ్లకుంచెను పంపుతోనే ఇచ్చినచో ఆ అలవాటు కొంతైనను తప్పును. ఇక మీట ఆడింపు తగ్గినప్పుడు పీడనము పడి చినుకులు పెద్దవగును, పెరిగినప్పుడు పొగమంచై గాలికి కొట్టుకొనిపోవును. నాజిల్‌కు వెనుక ఒక చిన్న పీడన నియంత్రణ వాల్వును బిగించినచో, నిర్ణీత పీడనము చేరువరకు అది తెరచుకొనదు, దానిని దాటనీయదు, ఆపిన వెంటనే బొట్టుకూడ కారనీయదు. చేయి అలసినను చేను సమముగా తడియును. ఈ సీమలోని వేలకొలది పాతపంపులకు, పంపు మార్చకయే, అమర్పదగిన మేలు ఇది.

పంపు గుణమెట్టిదైనను, కొట్టవలసిన మందు తగ్గుటయే మొదటి మేలని చెప్పుటకు ఈ సీమ చరిత్రయే సాక్షి. 1987–88లో తెల్లదోమ విజృంభించి, మందులు పనిచేయక, అప్పులు తీరక ప్రకాశము జిల్లాలో పత్తిరైతులు ఆత్మహత్యలు చేసికొనిరి. వారు కొట్టిన మందులు దోమను చంపకపోగా దోమను తిను మిత్రపురుగులను చంపెను. 2002లో బీటీ పత్తి అనుమతింపబడిన పిమ్మట కాయతొలుచు పురుగునకు కొట్టు మందు తగ్గినను, రసము పీల్చు పురుగులు నిలిచినవి, గులాబీరంగు పురుగు మరల వచ్చినది. జిగురు అట్టలు, చేనుచుట్టు జొన్న మొక్కజొన్న వరుసలు, వేపకషాయము వంటి పద్ధతులు కయాకులోని అడ్డుగోడల వంటి పనినే చేయుచున్నవి. ఇచ్చట పంపు చేయువారు గమనింపవలసినది ఒకటి కలదు: ప్రకృతి వ్యవసాయము చేయువారు కాచి వడగట్టిన కషాయములను, ద్రావణములను కొట్టుచున్నారు; వానిలోని పిప్పి నేటి సన్నని జాలీలను పూడ్చివేయును. ట్యాంకు మూతి జాలి వెడల్పుగా, సులభముగా తీసి కడుగదగినదిగా నుండి, పిడిలో రెండవ జాలి యున్నగాని ఆ రైతులకు పంపు పనికిరాదు.

బ్యాటరీపంపులు విరివిగా వచ్చినవి గదా, చేతిపంపు చర్చ యేలయని అడుగువారున్నారు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎడమచేతిని మీటనుండి విడిపించిన మాట సత్యము, ఆ మేలు సామాన్యము కాదు. కాని మూత అదియే, నాజిల్ అదియే, ముందుకు చాచిన గొట్టము అదియే. చేతిపంపునకు చెప్పిన దోషములలో ఒక్కటి తప్ప అన్నియు దానికిని సంక్రమించినవి, బరువు కొంత పెరిగినది. తైవాన్ పంపని పిలుచు ఇంజను పంపు వేగముగా కొట్టును. ఆ చప్పుడును కంపమును దినమంతయు వీపు భరింపవలెను. 2023లో కేంద్రప్రభుత్వము పదునైదువేల మహిళాసంఘములకు డ్రోనులనిచ్చు పథకమును ప్రకటించినది. మనుష్యుని మందునుండి దూరముగా నిలుపుట దాని ఘనత, ఎకరమునకు పది లీటర్లతో పని ముగించుట మరియొకటి. గుబురుగా నల్లుకొనిన మిరపలో ఆకు అడుగునకు ఆకాశమునుండి మందు చేర్చుట మాత్రము కష్టము. రెండెకరములు కౌలుకు చేయువానికి, గట్టున పెట్టిన చేతిపంపే వెంటనే అందు పనిముట్టు. కయాకులో బ్యాటరీ ఆగినప్పుడు ఒడిలోని గొట్టపుపంపు ఎట్లో, ఇదియు అట్లే.

ఆచరణకు వచ్చినచో, ఈ పని చేయదగిన స్థలములు దూరమున లేవు. పత్తికి మిరపకు పేరుపొందిన పరిశోధనాక్షేత్రము గుంటూరు చెంత లాములో నున్నది. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల యున్నది, దానికి కొద్ది క్రోసుల దూరమున సూర్యలంక సముద్రము. పడవ పంపు వాషరును ఉప్పునీటిలోను, మందుపంపు వాషరును మందునీటిలోను ఒకే బల్లపై ఆడించి అరుగుదలను కొలచుటకు ఇంతకంటె అనువైన చోటుండదు. నేడు ఒక కంపెనీ వాషరు మరియొక కంపెనీ పంపులో తరచు ఇమడదు. పది రూపాయల రబ్బరు ముక్క దొరకక పంపు మూలబడును, లేదా కారుచునే వీపునకెక్కును. బోరింగునకు జరిగినట్లే మందుపంపునకు కూడ పిస్టను వ్యాసము, వాషరు కొలత, నాజిల్ మర యెల్లరకు ఒక్కటిగా నిర్ణయింపవలెను. కొనువానికి పెట్టెపై లీటర్ల సంఖ్య గాక, ఎన్నివేల ఆడింపులకు కారక నిలిచినదో ఆ సంఖ్య కనిపింపవలెను. వెనుకకడ్డీని, పీడన వాల్వును పాతపంపులకు బిగించి రైతుల చేలలోనే, వారి కూలివారి చేతులతోనే పరీక్షింపవలెను. ఆ ఫలితములు మిరపనాట్లు మొదలగు శ్రావణ భాద్రపదములకు ముందే నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు పంపు దుకాణములకు చేరవలెను.